వాలంటీర్లకు నేనిచ్చిన సెలవు

తుపాను బాధితుల కోసం పటమట చర్చి హాల్లో వంటశాల తెరిచినప్పటి నుంచి మరియమ్మ గారూ, ఆవిడతో పాటు వండే ఇద్దరు ఆడవాళ్లూ సరిగ్గా నడుం వాల్చింది లేదు. సహాయ సంఘం సెక్రటరీనైన నాకు ఈ రోజు ఉన్నట్టుండి జాలి పొంగుకొచ్చింది. ముగ్గురినీ బలవంతంగా మ్యాట్నీకి పంపి, "సాయంత్రం వంట నాకు వదిలేయండి" అన్నాను. ఇంట్లో కాఫీ కూడా కలపని మనిషిని!

గుండిగలో అన్నం అడుగున మాడింది, పైన బియ్యం బియ్యంగానే ఉంది. అప్పటికే పిల్లలు కంచాలు పట్టుకుని కూర్చున్నారు. సైకిలెక్కి సినిమా హాలుకు పోయి, తెర మీద స్లైడు వేయించాను: "పటమట మరియమ్మ గారూ, వెంటనే బయటకు రండి."

ముగ్గురూ ఏడుపు మొహాలతో పరుగెత్తుకొచ్చారు.

"ఎవరికేమైందండీ?" అన్నారు మరియమ్మ గారు.

"అన్నం మాడిందండీ."

ఆవిడ నా చేతిలోని గరిటె వైపు చూశారు. కంగారులో దాన్నీ తెచ్చేశాను.

"ఈసారి మాకు సెలవివ్వాలనిపిస్తే మీరెళ్లండి సెక్రటరీ గారూ, సినిమాకి. మేం హాయిగా వండుకుంటాం."

చీకటి పడేలోపే అందరికీ వేడన్నం, పప్పుచారు పెట్టారు. మాడిన గుండిగ తోమడం మాత్రం నాకు వదిలేశారు. ఇప్పుడు ముగ్గురూ మెట్ల మీద కూర్చుని, సినిమాలో తప్పిపోయిన తమ్ముడు చివరికి దొరికాడా లేదా అని వాదించుకుంటున్నారు. చూసినవాళ్లెవరైనా ఉంటే రేపొచ్చి కాస్త చెప్పిపోండి. మళ్లీ టిక్కెట్లు కొంటానంటే నన్ను కొననివ్వడం లేదు.