కుడివైపు కప్పు

ఈమధ్య అపార్ట్‌మెంట్లలో బిగిస్తున్న కుళాయిలు ఎటు తిప్పితే నీళ్ళొస్తాయో చెప్పవు. పాత ఇత్తడి కుళాయికి ఒక నీతి ఉండేది. ఒకవైపు తిప్పితే వచ్చేవి, రెండోవైపు తిప్పితే ఆగేవి. ఇప్పటివాటిని పైకెత్తాలి, లేదా పక్కకి తొయ్యాలి, లేదా ఎదురుగా నిలబడి మర్యాదగా అడగాలి. మొన్న మా వంటింట్లో ఒకటి ఊడి నా చేతిలోకే వచ్చేసింది. బిల్డర్ని మనసారా తిట్టాను.

తిట్టాక నాలుక కరుచుకున్నాను. తప్పువైపు తిప్పడం గురించి నోరెత్తే అర్హత నాకు లేదు. చాలా ఏళ్ళుగా ఒక బరువు మోస్తున్నాను. తూకం వేస్తే పెద్దదేమీ కాదు, అరచేతిలో పట్టే ఉక్కు కప్పు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పడం సులువు. చెప్పాల్సిన మనుషులు ఎదురుగా ఉన్నప్పుడల్లా నాకేదో ఒక జోకు గుర్తొస్తుంది. జోకు అయ్యేసరికి వాళ్ళు లేచి వెళ్ళిపోతారు.

ముందు మా వదిన గురించి చెప్పాలి. మాది గోదావరి నుంచి స్టీల్‌ప్లాంటు ఉద్యోగాల కోసం వచ్చి కూర్మన్నపాలెంలో పడ్డ కుటుంబం. అన్నయ్యా నేనూ ఇద్దరం ఆ ప్లాంటులోనే ఇంజనీర్లం. వదిన మల్కాపురం పిల్ల, స్కూల్లో ఆటల టీచరు. చదువుకునే రోజుల్లో జిల్లా తరఫున సైకిల్ పందేలకి వెళ్ళింది. పెళ్ళయ్యాక అక్కడ గెలిచిన కప్పులు మా ఇంటి షోకేసులో చేరాయి, ఆవిడ మా వంటింట్లో చేరింది. ఈ ఏర్పాటు మాకందరికీ సహజంగానే తోచింది. ఆవిడకి తోచలేదు.

వాళ్ళ నాన్న, నేను మావయ్యగారని పిలిచే ఆయన, పోర్టులో కళాసీ. తొంభైల మధ్యలో ఒకసారి, జపాన్ ఓడలో పనిచేసే ఇంజనీరొకడు తన పాత మౌంటెన్ బైకు ఫ్రేము ఆయనకిచ్చి వెళ్ళిపోయాడు. ఉత్త ఫ్రేమూ, ముందు ఫోర్కూ. చక్రాల్లేవు, పెడళ్ళు లేవు, హ్యాండిల్ లేదు. నీలం రంగు సగం పోయింది. ఆయన దాన్ని బస్సు టాపు మీద వేయించుకుని కూర్మన్నపాలెం తెచ్చి, వరండాలో కూతురి ముందు పెట్టాడు. అంతకు ముందు ఏ మావగారూ పండక్కి తేనంత గర్వంగా తెచ్చాడు.

"ఓపాలి మన సైకిల్ పెడళ్ళకాడి కప్పు ఎట్టి సూసినానమ్మా. సేత్తో తిప్పితే ఎక్కలేదు. ఒగ్గీసినాను" అన్నాడు.

ఈ మాట గుర్తుంచుకోండి. నేను మరిచిపోలేకపోతున్నాను.

కొండ సైకిల్‌ని ముక్కముక్కగా కూర్చడమంటే ఏమిటో నాకు అప్పుడే తెలిసింది. ప్రతి భాగమూ పక్క భాగాన్ని ఒప్పుకోవాలి. మా అన్నయ్యకీ వదినకీ జాతకాలు చూడలేదు గానీ, ఆ సైకిల్‌లో మాత్రం ఆవిడ దేన్నీ చూడకుండా కలపలేదు. మన సీటు రాడ్డు ఆ గొట్టంలో వదులైంది. కూల్‌డ్రింకు టిన్ను కోసి, ఆ రేకుని చుట్టి దింపింది. మన వెనక చక్రం ఇరుసు ఆ ఫోర్కుల మధ్య చాలలేదు. పొడుగు ఇరుసు వేయించి, రెండు పక్కలా వాషర్లు పేర్చింది. గేర్ల పళ్ళ మధ్య మన లావు చైను పట్టకపోతే, సన్న చైను దొరికేదాకా ఓడల సామాన్లమ్మే ప్రతి కొట్టూ తిరిగింది. అరకు ఘాటీ మీద ఆ సైకిల్ తొక్కాలని ఆవిడ కోరిక. టీచర్లు కొందరు కలిసి ఆ చలికాలం వెళ్దామనుకుంటున్నారు. ఆవిడ అడిగింది అంతే. ఒక్క కొండ.

ఇక మిగిలింది పెడళ్ళ ఇరుసు తిరిగే గూడు. ఆ గూటికి కుడివైపొక కప్పు, ఎడమవైపొక కప్పు మరలతో బిగించాలి. వదిన మంచి కప్పులు తెచ్చింది. ఆ ఆదివారం స్కూల్లో ఏదో మీటింగుంటే వెళ్తూ వెళ్తూ, "నానొచ్చేదాకా దాని జోలికెల్లకు మరిదీ" అంది.

వెళ్ళకుండా ఉండాల్సింది. ఎందుకు వెళ్ళాను? సాయం చేద్దామనా? ఇన్నాళ్ళూ అలాగే చెప్పుకున్నాను. నిజం వేరే. ఆవిడ అన్నీ ఒక్కతే చేసేస్తోంది, వరండాలో ఇంజనీరు ఒకడు పేపరు చదువుకుంటూ కూర్చున్నాడన్న సంగతి ఎవరికీ గుర్తులేదు. నాకు గుర్తు చెయ్యాలనిపించింది.

కుడి కప్పు పావు చుట్టు కూడా ఎక్కకుండా బిగిసిపోయింది. తుప్పు అనుకున్నాను. ఇంజనీరింగ్ చదివినవాడికి తుప్పు మీద అపారమైన నమ్మకం ఉంటుంది. స్పానరుకి పైపు తొడిగి, బలమంతా పెట్టి తిప్పాను. కప్పు కదిలింది. ఆహా అనుకున్నాను. కదులుతున్నది కప్పు ఒక్కటే కాదని, ఫ్రేము లోపల చెక్కిన మరలు కూడా తెగి దానితో పాటు వచ్చేస్తున్నాయని, వెండి వెంట్రుకల్లాంటి ఉక్కు తునకలు నేల మీద పడ్డాక తెలిసింది.

కుడివైపు మరలు ఎదురు దిక్కుకి ఉంటాయి. ఎడమకి తిప్పితే బిగుస్తాయి. తొక్కుతున్నప్పుడు వదులవకుండా ఆ ఏర్పాటు. సైకిల్ రిపేరు చేసే ఎవరికైనా తెలుసు. అంతకన్నా సిగ్గుచేటు ఇంకోటుంది. ప్లాంటులో కొత్తగా చేరినవాళ్ళకి గ్యాస్ సిలిండర్ల క్లాసు చెప్పేది నేనే. ఆక్సిజన్‌కి మామూలు మర, మండే గ్యాసుకి ఎదురు మర, బలం పెట్టేముందు చూసుకోండి బాబూ అని ఎన్ని బ్యాచ్‌లకి చెప్పానో. వాళ్ళు రాసుకున్నారు కూడా.

తునకలు ఊడ్చి క్రోటన్ కుండీలో వేశాను. కప్పు బయటికి తీసేసి, పేపరు పట్టుకుని కూర్చున్నాను. వదిన వచ్చింది.

"ఏటి మరిదీ, ముట్టుకున్నావేటి?"

"లేదు వదినా. చూశానంతే. మన కప్పులు దీనికి పట్టవు. మరల కొలతే వేరు."

"ఏ కొలత?"

"ఇటలీది."

"జపానోడి సైకిల్‌కి ఇటలీ కొలతేటి?"

"దేశాలన్నీ కలిసిపోతున్నాయి కదా వదినా. సరళీకరణ."

ఆవిడ నవ్వింది. నవ్వకపోయుంటే నేను చెప్పేసేవాణ్ణా? ఏమో. నా జోకుకి ఆవిడ నవ్వింది, ఆ నవ్వు వెనక నేను దాక్కున్నాను. ఇంజనీరు మరిది చెప్పాడు కాబట్టి నిజమే అయ్యుంటుందని నమ్మింది. ఆ నమ్మకానికి నేను తగనని నాకు అప్పుడే తెలుసు. తెలిసీ తీసుకున్నాను.

చలికాలం వచ్చింది. వదిన గేర్లు లేని లేడీస్ సైకిల్ మీద ఘాటీ ఎక్కింది. కొంత తొక్కి, కొంత తోసి. వచ్చాక రెండు రోజులు మెట్లు పట్టుకుని దిగింది. ఒక్క ఫిర్యాదు లేదు. "ఆ నీలం సైకిలైతే తోసేపని ఉండదు మరిదీ" అని మాత్రం అంది. నేను టీ తాగుతున్నాను. తాగుతూనే ఉన్నాను.

ఆ తరవాత ఏళ్ళ తరబడి లోకంలో లేని ఒక కప్పు కోసం మా వదిన వెతికింది. వాళ్ళ నాన్న ఏ విదేశీ ఓడ వచ్చినా అందులోవాళ్ళని అడిగేవాడు. ఇటలీ ఓడ రేవులోకొచ్చిందంటే మా ఇంట్లో పండగ. నేనేం చేశాను? గొట్టాలూ మరలూ కొలిచే వెర్నియర్ ఒకటి కొనిచ్చాను. ప్రాయశ్చిత్తమనుకోండి, లంచమనుకోండి. ఆవిడ దాన్ని హ్యాండ్‌బ్యాగులో దువ్వెన పక్కన పెట్టుకుని తిరిగింది. గేర్ల సైకిల్ కొన్నవాళ్ళు, నేవీ కాలనీవాళ్ళతో సహా, ఏది దేనికి పడుతుందో ఆవిడని అడగడం మొదలుపెట్టారు. అడిగినవాళ్ళు వచ్చినప్పటికంటే తెలివిగా వెళ్ళేవాళ్ళు. నా అబద్ధం మీద నిలబడి ఒక మనిషి అంత ఎత్తుకి పెరగడం నేను పక్కనుండి చూశాను. మెచ్చుకున్నాను కూడా. దొంగ మెచ్చుకోలు కాదు. అది ఇంకా కష్టం.

ఒకసారి కొలిచి చూసి అంది: "ఎడమేపు మన కప్పే పడతంది మరిదీ. కుడేపే తేడాగుంది."

"కుడివైపు వేరే ఉంటుంది వదినా" అన్నాను. అది నిజం. అంత అబద్ధపు నిజం నేను మళ్ళీ ఎప్పుడూ ఆడలేదు.

రెండువేల సంవత్సరం దాటాక ఒక ఆదివారం, మావయ్యగారు ఒక ఓడ ఇంజనీరుని మల్కాపురం ఇంటికి భోజనానికి పిలిచాడు. ఆయన సైకిళ్ళ పిచ్చివాడట. మేమూ వెళ్ళాం, ఫ్రేము ఆటోలో వేసుకుని. ఆయన ఆ గూటిలో వేలు పెట్టి తడిమి, నవ్వి, చేత్తో తిప్పి చూపిస్తూ ఇంగ్లీషులో ఏదో చెప్పాడు. పోర్టు ఇంగ్లీషు వచ్చిన మావయ్యగారే దాన్ని తెలుగు చేశాడు.

"ఇది ఇటలీదీ కాదు, ఏదీ కాదంటన్నాడు. మామూలు కొలతేనంట. ఎవుడో తప్పేపు తిప్పీసి మరలు కోసీసినాడంట."

వదిన వాళ్ళ నాన్న వైపు చూసింది.

"నాయినా, ముందోపాలి కప్పెట్టి సూసినానన్నావు."

ఆయన తన చేతుల కేసి చూసుకున్నాడు. మూటలు మోసిన చేతులు. "అవునమ్మా. అయితే నానే అయ్యుంటాను" అన్నాడు. "నా సెయ్యి పడితే ఏటి మిగుల్తాది."

"ఇన్నేళ్ళు ఎతికించినావు కదా నాయినా! ఆ కొండకాడ ఎంత తోసినానో నీకేటి తెల్సు" అంది. గట్టిగానే అంది. వదిన తండ్రి మీద గొంతెత్తడం నేను చూసింది అదొక్కసారే. ఆయన కంచం ముందు నుంచి లేచి చెయ్యి కడుక్కున్నాడు.

వట్టి చేత్తో తిప్పితే ఉక్కు మర తెగదు. ఆ గదిలో ఆ సంగతి తెలిసినవాణ్ణి నేనున్నాను. నోట్లో వంజరం చేప ముక్క ఉంది. వంజరానికి పెద్ద ముళ్ళు కూడా ఉండవు. ఆ సాకు కూడా లేదు.

నన్ను ఇటలీ గురించి ఎవరూ అడగలేదు. ఇంజనీరు మరిది పొరబడ్డాడనుకున్నారు. పొరబడడం ఎంత గౌరవమైన మాట!

మరలతో పని లేకుండా గూటి లోపలే బిగుసుకునే ఇరుసొకటి ఉంటుందని ఆ ఓడాయన చెప్పాడట. మావయ్యగారు రేవులో కనిపించిన ప్రతివాణ్ణీ బతిమాలి, చివరికి అది తెప్పించాడు. వదిన బిగించింది. నీలం సైకిల్ తిరిగింది. ఆవిడ మొదటిసారి దానిమీద అరకు వెళ్ళి, ఎక్కడా దిగకుండా తొక్కి వచ్చిన రోజు ఆయన వీధిలో అందరినీ పిలిచి చూపించాడు. చూపిస్తూ ప్రతివాడికీ ఒకటే మాట. "పాడు సేసినోణ్ణి నానే బాబూ. బాగు సేసుకున్నది నా కూతురు." నవ్వుతూనే చెప్పేవాడు. పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో, నా పక్కన కూర్చుని నాకే చెప్పేవాడు. నేను తలూపేవాణ్ణి. ఆ తలూపుడు గురించి ఎక్కువ ఆలోచించకుండా ఇన్నాళ్ళు ఎలా నిద్రపోయానో నాకే ఆశ్చర్యం. బాగానే నిద్రపోయాను. అదీ చెప్పాలి.

ఆయన పోయారు. ఇప్పటికి కొన్నేళ్ళయింది.

మొన్న కుళాయి ఊడిందన్నాను కదా. నీళ్ళాగక వదినకి ఫోన్ చేశాను. ఆ నీలం సైకిల్ మీదే వచ్చింది. నా చేతిలో ముక్క చూసి, "ఎటు తిప్పాలో తెలీకపోతే ఒగ్గీయాల మరిదీ, బలం ఎట్టకూడదు" అంది.

అంతే. చెప్పేశాను. పైపు తొడిగిన సంగతి, క్రోటన్ కుండీ, ఇటలీ, వంజరం ముక్క, అన్నీ. జోకేదీ గుర్తు రాలేదు. చెప్పాక ఛాతీ మీంచి ఏదో దిగిపోయినట్టు తేలికపడింది. అంత సుఖం నాకు దక్కాల్సింది కాదు గానీ, దాచడం ఎందుకు, దక్కింది.

వదిన కుళాయికి గుడ్డ చుట్టడం ఆపలేదు. నీళ్ళాగేదాకా చుట్టి, ముడేసి, చేతులు కొంగుకి తుడుచుకుంది.

"నాకెందుకు సెప్తన్నావు మరిదీ? సెప్పాల్సినోడు సచ్చిపోనాడు."