పిలుపు వినిపించే అమ్మాయి దరఖాస్తు

కోవిడ్ తర్వాత కాలేజీలు మళ్ళీ తెరిచిన ఏడాది నన్ను ఏలూరు దగ్గర ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయంలో ప్రవేశాల కమిటీ సభ్యురాలిగా వేశారు. అంతకుముందు తాడేపల్లిగూడెంలో చాలాకాలం ఇంగ్లీషు లెక్చరర్‌ని. ర్యాంకు చూశాక, విద్యార్థి తన గురించి రాసుకున్న వ్యాసం చదివి ఇంటర్వ్యూ చేయడం మా పని. వైద్య పత్రాలు మా దాకా రాకూడదు, నేరుగా వైద్యాధికారికి వెళ్ళేవి. విద్యార్థి తానే జబ్బు గురించి వ్యాసంలో రాస్తే మాత్రం చదవక తప్పదు.

గుండుగొలను అవతల, కొల్లేటి ఒడ్డు పల్లె నుంచి వచ్చిన సౌజన్య అలాగే రాసింది. ఆమెకు మూర్ఛ. ఇలాంటి వ్యాసాల్లో సాధారణంగా ఆసుపత్రి, అమ్మ కన్నీళ్ళు ఉంటాయి. ఈ అమ్మాయి పడిపోయే ముందు క్షణాల గురించి రాసింది. మొదట బురద వాసన వస్తుందట. తర్వాత, జరుగుతున్నదంతా ఇదివరకే జరిగిపోయిందని అనిపిస్తుందట. ఆఖరున వెనకనుంచి ఎవరో పేరు పెట్టి పిలుస్తారు. 'ఆ గొంతు నాదే' అని ముగించింది.

ఇంటర్వ్యూ రోజున ఆమె తండ్రి, వరి రైతు, నన్ను వరండాలో ఆపారు.

"అమ్మా, ఆ ముక్క కొట్టేయించండి. పిల్ల తెలియక రాసేసిందండి. హాస్టల్లో ఎవరూ దగ్గరకి రానివ్వరండి."

అమ్మాయి కోరితేనే సవరణకు వీలుందని చెప్పాను.

లోపల నాతోపాటు గణితం ప్రొఫెసరు ఉన్నారు. మిట్టమధ్యాహ్నం, ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. చక్కగా జవాబు చెబుతున్న అమ్మాయి ఉన్నట్టుండి ఆగి, గాలి వాసన చూసింది.

"మేడమ్ గారూ, ఇది జరిగిపోయిందండి. ఇప్పుడు సారు తలుపు వైపు చూస్తారు."

ఆయన అప్పటికే చూస్తున్నారు. నేనూ చూశాను. అక్కడ ఎవరూ లేరు.

సౌజన్య కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టి, నేలమీద పక్కకు తిరిగి పడుకుంది. "నోట్లో ఏమీ పెట్టకండి. చేతిలో తాళాలు పెట్టకండి" అంది. అంతలోనే ఒళ్ళు బిగుసుకుంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. అవి మా ఇద్దరి మధ్య ఖాళీలో ఎవరినో చూస్తున్నట్టున్నాయి.

తేరుకున్నాక, "నన్ను పిలవడం మీకు వినపడిందా అండీ?" అని అడిగింది. లేదన్నాను. ప్రొఫెసరు కుర్చీ జరుపుకుని, వీపు గోడకు ఆనించి కూర్చున్నారు.

తండ్రిని లోపలికి పిలిచి, ఆయన ముందే ఆ భాగం తీసేయమంటావా అని అడిగాను.

"వద్దండి. చెప్పకపోతే, నేను పడిపోయిన రోజున పక్కవాళ్ళు హడలిపోతారండి. నాకైతే అలవాటే."

తండ్రి బల్లమీది కళ్ళజోడు తీసి ఆమె చేతికిచ్చారు.

హాస్టల్లో ఏమైనా అయితే బాధ్యత ఎవరిదని కమిటీలో ఒకరు అభ్యంతరం చెప్పారు. పడిపోతూ కూడా మనమేం చేయాలో చెప్పిన పిల్ల అని ప్రొఫెసరు గట్టిగా పట్టుబట్టారు. సీటు ఇచ్చాం. కింది అంతస్తులో గది కేటాయించి, ఆమెతోపాటు గదిలో ఉండే అమ్మాయికి అన్నీ ముందే వివరించాం. సౌజన్య చదువు పూర్తిచేసింది. మందులతో మూర్ఛలు తగ్గాయి, పూర్తిగా పోలేదు. ఆ పిలుపు మెదడులో పుట్టేదేనని వైద్యాధికారి చెప్పారు. ఒప్పుకున్నాను.

దరఖాస్తులో ఎవరైనా తమ జబ్బు గురించి రాస్తే, అది ఎంత పెద్దదో తూచడం కమిటీ పని కాదు. దాన్ని వాళ్ళు ఎంత తేటగా గమనించారో, తెలియనివాళ్ళకు ఎంత అర్థమయ్యేలా చెప్పగలిగారో చూడాలి. రిటైరయ్యేదాకా నేను ఆ పద్ధతిలోనే మార్కులు వేశాను.