వేడన్నం వేళ

జగ్గయ్యపేటలో కిరాణా హోల్‌సేలు చేసే రామకోటేశ్వరరావు రెండువేల మూడులో, ఒక మామూలు బుధవారం నాడు, గల్లాపెట్టె తాళాలు కొడుకు అనిల్‌కుమార్ చేతిలో పెట్టి ఇంటికి నడిచొచ్చేశాడు. పెద్దాయనకి ఒంట్లో బాగాలేదేమో అనుకున్నారు బజారువాళ్లు. వాళ్లననుకుని ఏం లాభం? పేటలో కొట్టు వదిలేసిన షావుకారు కూడా కొట్లోనే ఉంటాడు. కొడుకు బేరాలు చూసుకుంటుంటే గల్లాపెట్టె పక్కన కుర్చీ వేసుకుని, పొద్దున్నే తన చేత్తో బోణీ అందుకుని, తలుపులు వేసేదాకా కదలడు. రిటైరవడమంటే కుర్చీ కాస్త పక్కకి జరగడమే.

ఈయన అసలు ఆ గడపే తొక్కనన్నాడు. ఎందుకండీ అంటే ఒకటే మాట. "నేను వేడన్నం తినాలండి."

నవ్వారు. కొట్లో కూర్చున్నవాడికి తెలుస్తుంది ఆ బాధ, నవ్వేవాడికేం తెలుసు? ఇంటి నుంచి క్యారేజీ వస్తుంది. మూత తీసేలోగా పక్కనున్న వత్సవాయి ఊరి నుంచి బేరం వస్తుంది. లేచి చింతపండు తూయించి మళ్లీ కూర్చునేసరికి అన్నం గట్టిపడి, పప్పు మీద నెయ్యి పేరుకుపోయి ఉంటుంది. ఆయన తండ్రి ఆ గల్లాపెట్టె ముందే, ఏదో బేరం మధ్యలో తల వాల్చేశాడు. విప్పని క్యారేజీని ఇంటికి మోసుకొచ్చింది రామకోటేశ్వరరావే. దాని బరువు ఆయన మరిచిపోలేదు.

అందుకే ఇప్పుడు పన్నెండు కొట్టగానే కాళ్లు కడుక్కుని పీట మీద కూర్చుంటాడు. భార్య ఆండాళమ్మ అప్పుడే దించిన అన్నం వడ్డిస్తుంది. ముద్దపప్పు, దోసావకాయ, కాచిన నెయ్యి. వేళ్లు చుర్రుమంటుంటే ఊదుకుంటూ తింటాడు. ఆ కాసేపు ఆయనకి నిన్నా లేదు, రేపూ లేదు, చేతిలో ముద్ద ఉంది, అంతే. ఫోను మోగినా లేవడు. ఆండాళమ్మ మటుకు ఆయన మజ్జిగలోకి వచ్చేదాకా గరిటె పట్టుకుని నిలబడే ఉంటుంది.

"కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయి బాబాయ్," అన్నాడు పక్కకొట్టు జగన్నాథరావు ఒకనాడు.

"కొండల సంగతి సిమెంటు ఫ్యాక్టరీలవాళ్లు చూసుకుంటున్నార్లే. నేను తినేది అన్నమేగా."

మరుసటేడు శ్రావణంలో అనిల్‌కుమార్ నందిగామలో రెండో కొట్టు పెట్టాడు. అభిజిత్ లగ్నమన్నారు. అంటే సరిగ్గా మిట్టమధ్యాహ్నం.

"నాన్నా, బోణీ మీ చేత్తోనే జరగాలి. ఒక్క గంట కూర్చుని వచ్చేయండి."

"ఒక్క గంటేనని మా నాయన కూడా నన్ను కూర్చోబెట్టాడు. లేచేసరికి నలభై ఏళ్లయింది. కొట్టు నీది, బోణీ నువ్వే చేసుకో."

"అన్నం కోసం కొడుకు శుభకార్యం మానుకుంటారా?"

"మానుకుంటా."

ఆండాళమ్మకి కోపం ఆగలేదు. "చోద్యం కాకపోతే! పదిమందిలో వాడికి తలవంపులు కాదూ? నేను వెళ్తున్నా. మీ వేడన్నం మీరే వండుకోండి," అని కారెక్కేసింది.

వండుకున్నాడు. ఎసరు ఎక్కువై అన్నం జావయింది, పప్పు అడుగంటింది. అయినా పొగలు వస్తుండగానే కంచంలో పెట్టుకుని, పంతంగా పీట మీద కూర్చున్నాడు. నెయ్యి మరిచిపోయాడు, లేచాడు. మంచినీళ్లకి లేచాడు. ఆవకాయకి మళ్లీ లేచాడు. తీరా కూర్చునేసరికి అన్నం చల్లారిపోయింది. అచ్చం కొట్లో లాగే.

అప్పుడు తట్టిందాయనకి. రోజూ గరిటె పట్టుకుని నిలబడే మనిషి ఎప్పుడు తింటుంది? ఎంత ఆలోచించినా ఆండాళమ్మ పొగలు కక్కే అన్నం తినడం ఆయనకి ఒక్కసారీ గుర్తు రాలేదు. క్యారేజీ చల్లారిందని ఏళ్ల తరబడి సణిగాడే గానీ, అది కట్టిచ్చిన మనిషి ఏం తిందో ఏనాడూ అడగలేదు. గొప్ప సిగ్గేసింది.

సాయంత్రం ఆండాళమ్మ అలిసిపోయి దిగింది. "బోణీ నేనే చేశా. పసుపు, బెల్లం ఇచ్చా," అంది, ఇంకా ముభావంగానే.

"తిన్నావా?"

"వచ్చినవాళ్లకి వడ్డించడంతోనే సరిపోయింది."

"కాళ్లు కడుక్కుని రా."

పొయ్యి మీద అన్నం అప్పుడే ఉడికింది. ఈసారి జావ కాలేదు. పీట వేసి, తను గరిటె పట్టుకుని నిలబడ్డాడు. "మీరు వడ్డించడమేంటండీ, ఎవరైనా చూస్తే బాగోదు," అంటూనే కూర్చుంది. మొదటి ముద్దకి వేళ్లు కాలి చెయ్యి వెనక్కి తీసుకుంది. తర్వాత ఊదుకుంటూ తింది. ఇంకాస్త పప్పు వెయ్యమంది.

హాల్లో ఫోను మోగింది. వడ్డించేవాడు కాబట్టి ఆయనే వెళ్లి ఎత్తాడు. కాసేపు విని, వంటింటి వైపు తిరిగాడు.

"ఏమేవ్, నీ చెయ్యి మంచిదట. బేరాలు బ్రహ్మాండంగా ఉన్నాయట. రేపట్నుంచి రోజూ వచ్చి గల్లాపెట్టె దగ్గర కూర్చోవాలట, పన్నెండింటికల్లా కారు పంపిస్తానంటున్నాడు మీ అబ్బాయి."

"ఆ వేళకి నేను వేడన్నం తినాలని చెప్పండి," అంది ఆండాళమ్మ. "ముందొచ్చి చారు పొయ్యండి, చల్లారిపోతోంది."