పదకొండు ఒకట్లు

మా లెక్కల సార్ పోయారు. ఆదివారం పొద్దున హిందూపురంలో వాళ్ళింటి నుంచి కూతురు ఫోన్ చేసి, "నాయన లేడన్నా" అని మాత్రం చెప్పింది. ఎప్పటినుంచో గుండె జబ్బు మనిషి, ఊహించని వార్తేం కాదు. అయినా చేతిలో కాఫీ చల్లారిపోయేదాకా అట్లాగే కూర్చుండిపోయాను.

తొంభైలలో పెనుకొండలో ఆయన మాకు పదో తరగతి లెక్కలు చెప్పారు. తప్పు చేస్తే కొట్టేవారు కాదు, పక్కన కూర్చుని మళ్ళీ చేయించేవారు. దెబ్బలే నయమనిపించేది. "శేషం చూడప్పా, నా మొహం చూస్తే ఏమొస్తాది?" అనేవారు.

ఒకరోజు బోర్డు మీద వరసగా పదకొండు ఒకట్లు వేశారు. వెయ్యి కోట్లు దాటిన సంఖ్య, మామూలు కాలిక్యులేటర్‌లో పట్టదు. ఏదైనా దీన్ని నిశ్శేషంగా భాగిస్తుందా, లేక ఇది ప్రధాన సంఖ్యా? ఆ ఏడాదంతా మాకు అదే పిచ్చి. కనబడిన ప్రతి సంఖ్యతోనూ భాగించనక్కర్లేదని, ఇరవై రెండుతో భాగిస్తే ఒకటి మిగిలే ప్రధాన సంఖ్యల్ని చూస్తే చాలునని ఆయనే చెప్పారు. అవీ తక్కువేం కాదు బాబూ! బెంచీకి కొన్ని పంచారు. రోజూ ప్రార్థన కాగానే ఒక్కొక్కరం లేచి శేషం చెప్పాలి, ఆయన ఆ సంఖ్యను కొట్టేస్తారు.

సైకిల్ షాపాయన కూతురు రమీజా ఒకనాడు లేచి, 21649తో భాగిస్తే సున్నా వచ్చిందంది. అప్పటికే సార్ ఆ పదకొండు ఒకట్లు ప్రధాన సంఖ్యేనని మనసులో ఖాయం చేసేసుకున్నారు. యాడనో తప్పు చేసుంటావు, మళ్ళీ చెయ్యి పాపా అన్నారు. మర్నాడు రమీజా లేచి ఒకటి మిగిలిందని చెప్పింది. సార్ ఆ సంఖ్యను కొట్టేశారు. ఏడాది చివర మా సంఖ్య ప్రధాన సంఖ్యేనని తేల్చి, అందరికీ బొరుగులు పంచారు. రమీజా మాత్రం ఆ తర్వాత లెక్కల పీరియడ్‌లో చెయ్యెత్తడం నేను చూడలేదు.

చాలా ఏళ్ళకు, రిటైరయ్యాక, హిందూపురంలో నేను నడిపే కంప్యూటర్ సెంటర్‌కు సార్ వచ్చారు. సరదాగా ఆ పదకొండు ఒకట్లూ కొట్టించి, వేటితో భాగం పోతుందో చూడమన్నారు. రెప్పపాటులో తెర మీద రెండు సంఖ్యలు పడ్డాయి: 21649, 513239. రెండూ గుణిస్తే మా పదకొండు ఒకట్లే. సార్ మొదటి సంఖ్య మీద వేలు పెట్టారు.

"ఇది రమీజా నంబరప్పా. ఆ పాప సరిగ్గా చెప్తే నేను చెడగొట్టినా. యాడుండాదో కనుక్కో."

ధర్మవరంలో ఉందని ఆరా తీసేసరికి నెలయింది. అప్పటికే డాక్టరు ప్రయాణాలు వద్దన్నాడు. ఆయన వింటే కదా! నాతో బస్సెక్కారు. నాకు ఒళ్ళు మండింది. ఇంత చిన్నదానికి ప్రాణం మీదికి తెచ్చుకుంటారా అని బస్సులోనే కోప్పడ్డాను.

"చిన్నదెట్లయితాదప్పా? తన లెక్కను తానే నమ్మకుండా చేసినా కదా ఆ పాపను" అన్నారు.

రమీజా ఇంట్లోనే చీరలు అమ్ముతోంది. సార్‌ను చూసి గబగబా కొంగు తల మీదికి లాక్కుని కుర్చీ వేసింది. ఆయన కూర్చోలేదు. నిలబడే, నీ సున్నానే నిజం పాపా, తప్పు నాది అని చెప్పారు.

ఆమె తల వంచుకుంది.

"ఇంటికి పోయి మళ్ళీ చేసినా సార్. మళ్ళీ సున్నానే వచ్చినాది. మీరు తప్పు చెప్పరని, ఒకటి మిగిలిందంటి."

సార్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. నాకూ ఏడుపొచ్చింది, దాచుకోవడమెందుకు. రమీజా లోపలికి వెళ్ళి కూతురి పలక తెచ్చింది. నేల మీద కూర్చుని భాగహారం మొదలుపెట్టింది. తొందరపడలేదు. అడుగున సున్నా వేసి, పలకా బలపమూ ఆయన చేతికిచ్చింది. సార్ ఆ సున్నా పక్కన రైటు కొట్టారు. రమీజా పలక తిరిగి తీసుకుని, రాసింది చెరగకుండా చెక్క అంచులు మాత్రమే పట్టుకుని, మేం బస్సు కోసం వీధి మలుపు తిరిగేదాకా అట్లాగే గడపలో నిలబడింది.