గీతలో వదిలిన అడుగు

మంగళవారం పొద్దున ప్రాక్టీసుకు వెళ్తే గ్రౌండ్ గేటుకు తాళం ఉంది. ఈ మూడేళ్ళలో ఆ గేటుకు తాళం చూడడం అదే మొదలు. తాత పోయాడని వాచ్‌మన్ చెప్పాడు. మా కాలేజీ గ్రౌండ్‌లో సున్నంతో గీతలు గీసే తాత. ఆదివారం మాకు ఫుట్‌బాల్ ఫైనల్. మా టీమ్‌కి కెప్టెన్‌ని నేనే. ఆయనకు చెప్పాల్సిన మాటొకటి నా దగ్గర మిగిలిపోయింది.

తాతది సముద్రం ఒడ్డున చేపల వేట చేసుకునే కుటుంబం. ఆయన మాత్రం పడవెక్కేవాడు కాదు. చిల్లులు పెట్టిన రేకు డబ్బాలో సున్నం పోసుకుని, తాడు వెంబడే చెప్పుల్లేకుండా నడుస్తూ గీతలు గీసేవాడు. మేం తొక్కబోతే "ఇంకా ఆరనేదు బాబూ" అని గదిమేవాడు. పొడి సున్నం ఆరడమేమిటని నవ్వుకునేవాళ్ళం.

సముద్రం వైపు, అంటే మైదానానికి ఎడమ పక్క గీతలో మాత్రం ఓ అడుగు మేర వదిలేసేవాడు. మ్యాచ్ అయ్యాక అక్కడ చెంబుడు నీళ్ళు పోసేవాడు. ఎందుకు తాతా అని ఒకసారి అడిగాను.

"మా అన్న ఈ కాలేజీలోనే సదివాడు బాబూ. ఎడం పక్కే ఆడీవోడు. ఓనాడు మా అయ్యతో పడవెక్కాడు, మరి రానేదు. ఆట ఉందంటే వత్తాడు. ఆడుకుని, కాళ్ళు కడుక్కుని ఎల్తాడు."

పెద్దాయన చాదస్తం అనుకున్నాను.

ఈ సీజన్ మూడో మ్యాచ్‌లో బంతి సరిగ్గా ఆ ఖాళీ దగ్గర బయటికి పోయింది. గీత లేనిచోట తానేమీ తేల్చలేనని రిఫరీ ఆట ఆపలేదు. అవతలివాళ్ళు గోల్ కొట్టేశారు. హాఫ్‌టైమ్‌లో ఒళ్ళు మండి అందరి ముందూ అరిచాను. "కళ్ళు కనపడకపోతే ఇంటికాడ కూకో తాతా! ముందది మూసెయ్!"

తాత నావైపు చూడలేదు, గ్రౌండ్‌లోకి చూశాడు. "ఆట మద్దిలో మూసేత్తే, లోపలున్నోడు ఎలాగెల్తాడు బాబూ?" అన్నాడు. అయినా మూశాడు. డబ్బా తెచ్చి ఆ అడుగు మేరా సున్నం పోశాడు.

ఆ మ్యాచ్ ఓడాం. తర్వాత ఒక్కటీ ఓడలేదు. కానీ మా లెఫ్ట్ బ్యాక్ ప్రతి ఆటలోనూ నా దగ్గరకొచ్చి అదే మాట అనేవాడు. "బావా, నా ఎనకాల ఎవలో పరిగెడతన్నారు. ఊపిరి ఇనపడతంది." వాడి జెర్సీ ఎడమ భుజం తడిసి, ఆరాక ఉప్పు కట్టేది. చెమటరా అన్నాను. చెమటైతే రెండు భుజాలకూ పట్టాలి కదా.

గీత మళ్ళీ వదలమని తాతకు లెఫ్ట్ బ్యాక్ చెప్పి చూశాడు. "మూయమన్నది కెప్టెన్ బాబు. ఆయనే సెప్పాల" అన్నాడట. ఆట జరుగుతున్నంతసేపూ గీతకి అవతల గొంతుక్కూర్చుని, "కాసింత ఓపిక పట్టన్నా" అని ఎవరికో చెబుతూ ఉండేవాడు. నాకు వినపడేది. ఒక్క మాట చాలు, తప్పయిపోయింది తాతా అని. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ బింకంతో ఊరుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తోంది.

ఆదివారం పొద్దున్నే చెప్పులు విడిచి ఆ డబ్బా నేనే పట్టుకున్నాను. గీతలన్నీ గీసి, ఎడమ పక్క అడుగు మేర వదిలాను. రిఫరీ ఒప్పుకోలేదు. "అక్కడ బంతి పోతే ఎప్పుడైనా సరే, అవతలివాళ్ళకే ఇచ్చేయండి సార్" అని బతిమాలితే చివరికి సరేనన్నాడు.

హాఫ్‌టైమ్‌లో లెఫ్ట్ బ్యాక్ రొప్పుతూ వచ్చాడు. రెండు చేతులతో నా మోచెయ్యి పట్టుకున్నాడు. "బావా, ఇప్పుడు ఎవలూ నేరు."

ఒక్క గోల్ తేడాతో ఓడిపోయాం. ఆ గోల్ వచ్చింది కూడా ఆ ఖాళీ దగ్గర వదులుకున్న బంతితోనే.

అందరూ వెళ్ళాక చెంబుతో నీళ్ళు తెచ్చాను. "తప్పయిపోనాది తాతా" అని పైకే అన్నాను. ఖాళీలో నెమ్మదిగా పోశాను. ఎండిన నేల మీద నీళ్ళు అటూ ఇటూ పారాయి. నాలుగు పాదాలంత చోటు మాత్రం తడవలేదు. పక్కపక్కనే రెండు జతలు, వేళ్ళు సముద్రం వైపు. నీళ్ళు వాటి చుట్టూ తిరిగి పోతున్నాయి. చెంబు ఖాళీ అయ్యేదాకా పోస్తూనే ఉన్నాను.