ఉప్పు చీజూ, మా కర్రె కుక్కా

మా బాపు గొర్లకు ఉప్పు పెట్టే రోజు మా ఇంట్లో పండగే. బండ మీద గల్లుప్పు పోయగానే మంద మొత్తం ఎగబడి నాకేది. ఉప్పు తిన్న జీవం నీళ్లు బాగా తాగుతుంది, బాగా మేస్తుంది అనేవాడు. గొర్ల సంగతిలో అది నిజమే.

ఒకసారి హైదరాబాద్ నుంచి నకిరేకల్ దగ్గరి మా ఊరికి వస్తూ, పిల్లల కోసం ఉప్పు చీజ్ డబ్బా ఒకటి తెచ్చాను. బాపు ఓ ముక్క నోట్లో వేసుకుని తుపుక్కున ఉమ్మేశాడు.

"గిదేందే బిడ్డా, ఉప్పుగల్లు నాకినట్టున్నది!"

పిల్లలూ ముట్టలేదు. పారేయడం బాపుకు చేతకాదు. మర్నాడు మేతకు పోతూ డబ్బా వెంట తీసుకుపోయి, మధ్యాహ్నం చీజంతా తన చేత్తోనే మంద కాసే మా కర్రె కుక్కకు పెట్టేశాడు. అదీ జీవమే కదా, ఉప్పు మంచిదే అనుకున్నాడు.

సాయంత్రం మంద ఇల్లు చేరేసరికి కుక్క కాళ్లు వణుకుతున్నాయి. దారి పొడవునా నీళ్లు తాగడం, కక్కడం. నేను పశువుల డాక్టరుకు ఫోన్ చేశాను.

"జర్రంత ముక్కయితే ఏం కాకపోవచ్చమ్మా. గంత ఉప్పు కుక్క తట్టుకోదు. కొన్ని కొన్ని నీళ్లు తాపుకుంట జల్ది తీస్కరాండ్రి."

ఆటో వచ్చింది. కుక్క ఎక్కదే! ఎత్తుకోబోతే బాపు మీదే గుర్రుమంది. దొడ్డి తడిక దగ్గర ఊగుతూ నిలబడి గొర్లన్నిటినీ లోపలికి పోనిచ్చింది. వెనకబడ్డ గొర్రెపిల్ల కోసం తూలుకుంటూ పోయి, మూతితో నెట్టుకొచ్చింది. అమ్మ తడిక వేశాక గానీ కూలబడలేదు. దానికి దండం పెట్టాను, నవ్వితే నవ్వండి.

దవాఖానలో సూదులేశారు, గ్లూకోజ్ ఎక్కించారు. బతుకుతుందో లేదో పొద్దున గానీ చెప్పలేమన్నారు. బాపు దాని పక్కనే కూర్చున్నాడు.

బతికింది. మర్నాడు ఇంటికి తెచ్చాక అమ్మ అంబలిలో ఉప్పు వేయబోతే బాపు చెయ్యి పట్టుకున్నాడు.

"ముందుగాల దానికి తియ్యి."

కుక్క మాత్రం గిన్నె వైపు చూడలేదు. దొడ్డి చుట్టూ తిరిగి, తడిక సందుల్లోంచి గొర్లను వాసన చూసింది. అప్పుడొచ్చి బాపు ముందు కూర్చుంది. ఆయన అంబలి దోసిట్లో పోసుకుని పట్టాడు. చుక్క మిగలకుండా నాకేసింది.

బాపు రుమాలుతో మొఖం తుడుచుకున్నాడు.

"సూసినవా బిడ్డా," అన్నాడు, "మల్ల నా చేతులకెల్లే తాగింది."