మామగారు కొట్టిన ఒకే ఒక్క దెబ్బ

మొన్న మా మనవరాలు స్కూటీ మీద నుంచి పడి చెయ్యి విరగ్గొట్టుకుంది. మలక్‌పేట ఆసుపత్రిలో నీలంరంగు కట్టు వేసి పంపారు. దానికి ఏ వాసనా లేదు. విరిగిన ఎముక అంటే నా ముక్కుకు మాత్రం ఇప్పటికీ కోడిగుడ్డు సొన, నువ్వులనూనె, వెదురుబద్దలు కలగలిసిన, ఎముకలు సరిచేసే పహిల్వాన్ వేసే కట్టు వాసనే. పందొమ్మిది వందల యాభైల్లో నేను హైదరాబాద్ పాతబస్తీలోని శాలిబండకు కొత్త కోడలిగా వచ్చినప్పుడు ఆ వాసన మా వాకిట్లో కొన్ని వారాలు కాపురముంది. గుడ్డు అన్న మాట కూడా పలకని ఇల్లు మాది.

మా మామగారు బడిపంతులు. ఖద్దరు తప్ప కట్టరు. నిజాం కాలంలో సత్యాగ్రహానికి వెళ్ళి తిన్న లాఠీదెబ్బల వల్ల ఒక కాలు ఈడ్చి నడిచేవారు, అందుకే చేతికర్ర. బడిలో బెత్తం ముట్టరు కనుక పిల్లలకు ఆయనంటే ఎంత ఇష్టమో అంత లోకువ. ఇంట్లో బోనులో ఎలుక పడితే మూసీ దాకా మోసుకెళ్ళి వదిలి వచ్చేవారు. "గది మీకన్న ముందే ఇల్లు చేరుతది" అని మా అత్తగారు నవ్వేవారు.

మా వాకిట్లోనే పక్క వాటాలో ఒక గాజులాయన, భార్య ఉండేవారు. లాడ్ బజార్ దుకాణానికి అతను ఇంట్లోనే లక్క గాజులు చేసిచ్చేవాడు. కుంపటి మీద మెత్తబడిన లక్కను తీగలా సాగదీసి గుండ్రంగా వంచే అతని వేళ్ళను చూస్తూ నేను పొయ్యి మీద పాలు పొంగిపోనిచ్చిన రోజులున్నాయి. ఆ చేతులతోనే భార్యను కొట్టేవాడు. తాగుడు లేదు. అన్నం ఆలస్యమైనా, మాటకు మాట ఎదురొచ్చినా చాలు. మామగారు ఎన్నోసార్లు నచ్చజెప్పారు. ఒకసారి అతని గడపలో పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకుండా కూర్చున్నారు. గాజులాయన పొద్దున ఆయన్ను దాటుకుని బజారుకు పోయాడు, సాయంత్రం వచ్చి కాళ్ళు పట్టుకుని ఏడ్చాడు. నెల తిరగకముందే మళ్ళీ గోడవతల అదే చప్పుడు.

ఒక సాయంత్రం ఆమె అరుపు వేరేగా వినిపించింది. పరుగెత్తాం. గాజులాయన ఆమె జుట్టు పట్టి ముఖాన్ని కుంపటి మీదికి వంచుతున్నాడు. మామగారు "వద్దు" అన్నారు. అతను వినలేదు. కర్ర లేచింది, అతని కుడి ముంజేతి మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు మా అందరికీ వినబడింది.

రిక్షా పిలిచి అతన్ని ఎముకలు కట్టే పహిల్వాన్ దగ్గరికి తీసుకుపోయింది కూడా మామగారే. అక్కడి సంగతి తర్వాత ఆయనే చెప్పారు.

"ఎవరు కొట్టిండ్రు?" అన్నాడట పహిల్వాన్.

"నేనే."

"మజాక్ చేస్తున్నరా పంతులు సాబ్?"

"మజాక్ కాదు భాయ్. చెయ్యి మంచిగ కావాలె. దాని మీదనే వాళ్ళ ఇల్లు నడుస్తది."

ఆ తర్వాత కట్టు మార్చిన ప్రతిసారీ మామగారే వెంట వెళ్ళారు, ఖద్దరు సంచిలో కోడిగుడ్లు పెట్టుకుని. గల్లీలో మగవాళ్ళు "ఎప్పుడో కొట్టాల్సింది పంతులూ" అని మెచ్చుకోబోతే లేచి వెళ్ళిపోయేవారు. నాకు ఉండబట్టలేక ఒకనాడు చాయ్ ఇస్తూ అడిగాను: "మీరు కొట్టకుంటే ఆమె మొఖం కాలిపోతుండె గదా మామా. మరి తప్పెట్లయితది?"

ఆయన చాయ్ కింద పెట్టారు. "తప్పని అంటలేను బిడ్డా. కర్ర దిగినప్పుడు నా పానానికి మస్తు హాయిగ అనిపించింది. గదే నా ఫికర్."

ఆ మాట విన్నదేమో, మధ్యాహ్నం గాజులాయన భార్య వచ్చి స్తంభాన్ని ఆనుకుని నిలబడింది. "బాపూ, మీరు ఉపాసమున్ననాడు ఆయన సిగ్గుపడ్డడు. కర్ర పడ్డనాడు ఆగిండు. నాకు ఆగుడే కావాలె. ఇగ దినాం మీరు కర్ర పట్టుకోని రారు గదా. దుకాణం పని నా పేరు మీద ఇప్పియ్యుండ్రి."

మామగారు లాడ్ బజార్ వెళ్ళి సేటుతో మాట్లాడి వచ్చారు. ఆమె కుంపటి ముందు కూర్చుంది. కట్టుతో ఉన్న మొగుడు పక్కన కూర్చుని నేర్పాడు. మొదటి గాజులు కోడిగుడ్డు ఆకారంలో వచ్చాయి. ఆ ఇంట్లోంచి ఇద్దరి నవ్వూ కలిపి వినడం నాకదే మొదలు.

కట్టు విప్పిన రోజు అతను భార్య చేతిలోని నీళ్ళచెంబు కోసం కుడిచెయ్యి చాపాడు. ఆమె గభాలున గోడకు ఒదిగిపోయింది. అతను చెంబు అందుకోలేదు. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆ గోడ పక్కనే నేను ఎన్నో ఏళ్ళు ఉన్నాను. ఆ చప్పుడు మళ్ళీ వినలేదు. కర్ర మహిమ అని ఎవరన్నా మామగారు ఒప్పుకునేవారు కాదు. "ఆమె కుంపటి ముందల కూసున్నది, గందుకు" అనేవారు.

నా సీమంతానికి ఇద్దరూ కలిసి చేసిన ఎర్ర లక్క గాజులు తెచ్చారు. గాజులాయన వాటిని కొద్దిగా వేడిచేసి, నొప్పి తెలియకుండా నా చేతికి ఎక్కిస్తుంటే మామగారు ఆ వేళ్ళనే చూస్తూ కూర్చున్నారు. ఆ దెబ్బ న్యాయమో కాదో ఆయన పోయేదాకా తేల్చుకోలేదు. కాలం కూడా తీర్పేమీ చెప్పలేదు, ఆ గోడకు అటూ ఇటూ మమ్మల్నందరినీ నిమ్మళంగా ముసలివాళ్ళను కానిచ్చింది.